పని రాయని పేరు

తలుపు ముందు నిలబడ్డ మనిషి ఆ తలుపు మీది పేరును రెండుసార్లు చదువుతాడని ఇత్తడమ్మ లెక్క. గంట కొట్టేముందు ఒకసారి, కొట్టాక ఒకసారి. మొదటిది ఇల్లు ఇదేనా కాదా అని. రెండోది, లోపల్నుంచి అడుగుల చప్పుడు వినబడేదాకా చేయడానికి ఇంకేమీ లేక. మొదటిసారి చదవడానికి ఒకటిన్నర సెకను చాలు. రెండోసారికి ఎంతసేపన్నది లోపలివాళ్ళ మోకాళ్ళను బట్టి ఉంటుంది. ఈ లెక్క ఆమెకు ఎవరూ నేర్పలేదు. ముప్పై ఏళ్ళుగా నేమ్‌ప్లేట్లు చెక్కుతూ, వాటిని బిగించడానికి ఇల్లిల్లూ తిరుగుతూ, వచ్చేపోయే జనాన్ని చూసి తనే కట్టుకుంది.

ఆమె షాపు ఒక తలుపంత వెడల్పు, నాలుగు తలుపులంత లోతు. గోడ నిండా నమూనా ప్లేట్లు. బల్ల మీద చెక్కే యంత్రం. దాని ఒక చేతిని అచ్చక్షరం గాడిలో నడిపిస్తే, రెండో చేతికున్న సూది అదే అక్షరాన్ని ఇత్తడి మీద గీస్తుంది. బల్ల అడుగు సొరుగులో, చేయించుకుని మళ్ళీ రానివాళ్ళ ప్లేట్లు ఉంటాయి. వాటిని కరిగించి మళ్ళీ వాడుకోమని చాలామంది చెప్పారు. ఎప్పటికైనా మనిషి వస్తే ఏం చెప్పాలని ఆమె పోనివ్వలేదు. ఏడాదికోసారి బయటికి తీసి, తుడిచి, మళ్ళీ పెడుతుంది.

వీధిలో అందరికీ ఆమె ఇత్తడమ్మే. అసలు పేరుతో పిలిచేది రెండు చోట్లే, ఒకటి బ్యాంకు, రెండోది డాక్టరు. రెండు చోట్లా పిలిచినప్పుడు మంచి కబురు వినే అలవాటు లేదు గనుక, ఇత్తడమ్మ అనే పిలుపే ఆమెకూ హాయి.

ఒకరోజు పొద్దున్నే ఆమె తమ్ముడి కూతురు బుల్లి ఒక కాగితం పట్టుకుని వచ్చింది.

"అత్తా, ఇరవై నాలుగు ప్లేట్లు కావాలి. ఒక్కోదాని మీద ఒక పేరు, కింద చిన్నక్షరాలతో వాళ్ళు చేసే పని."

"కొత్త అపార్ట్‌మెంటా?"

"దెయ్యం సినిమా."

ఇత్తడమ్మ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసింది. "దెయ్యాలక్కూడా అడ్రసులు కావాల్సొచ్చిందా."

బుల్లి పని, సినిమా మొదట్లో పేర్లు పడే ఆ కాస్తసేపటినీ తయారుచేయడం. ఈసారి ఆమె వేసుకున్న పథకం ఇది. ఖాళీ చేయించిన పాత భవనం ఒకటి దొరికింది. ఐదు అంతస్తులు, అంతస్తుకు ఐదు తలుపులు. కెమెరా మెట్లెక్కుతూ ఒక్కో తలుపు ముందుగా వెళ్తుంది. తలుపు మీద నేమ్‌ప్లేటు, దాని మీద హీరోయిన్ పేరు. పక్క తలుపు మీద హీరో పేరు. అలా సంగీతం, కూర్పు, నిర్మాత, దర్శకుడు. చిట్టచివర డాబా తలుపు మీద సినిమా పేరు. మొత్తం రెండు నిమిషాల పది సెకన్లు, ఎక్కడా కత్తిరింపు లేని ఒకే షాట్.

"ఇందులో భయమేముందే?" అంది ఇత్తడమ్మ. "పేరు కనబడితే ధైర్యం కదా. ఎవరూ లేని సందులో తెలిసిన పేరున్న బోర్డు కనబడితే ప్రాణం లేచొస్తుంది."

"పేర్లు పడుతున్నంతసేపూ కథలో ఏమీ జరగదని హాల్లో అందరికీ తెలుసత్తా. తెలిసి కూడా, జరుగుతుందేమోనని చూస్తుంటారు. ఆ 'ఏమో'ని పెంచడమే నా ఉద్యోగం."

"ఎలా పెంచుతావు?"

"పేరుని తెర మధ్యలో పెట్టను, ఓ పక్కకి జరుపుతాను. రెండో పక్క ఖాళీగా ఉంటుందిగా, కన్ను దాని మీదికే పోతుంది, అక్కణ్ణుంచి ఏమొస్తుందోనని. కొంతమంది అక్షరాల్ని వణికిస్తారు, రక్తం కారుస్తారు. దానికిప్పుడు చిన్నపిల్లలు కూడా నవ్వుతున్నారు."

"వంకర అక్షరాలు చేయమంటే మాత్రం వేరే షాపు చూసుకో."

"తిన్నగానే కావాలి. ఎంత శుభ్రంగా ఉంటే అంత భయం."

ఆ మాట ఇత్తడమ్మకు కొరుకుడు పడలేదు. కొరుకుడు పడని సంగతిని పక్కన పెట్టే గుణం ఆమెకు లేదు. కాగితం మీది పేర్లన్నీ పైనుంచి కిందికి చదివి, మళ్ళీ కింది నుంచి పైకి చదివింది.

"నీ పేరేది?"

బుల్లి యంత్రం మీది ఇత్తడి రజను వేలితో ఒక పక్కకు పోగుచేసింది. "ఒప్పందాల్లో ఉన్నది ఇరవై నలుగురే. పేర్లు వేసినవాళ్ళ పేరు వేయాలని రూలేమీ లేదు."

ఇది ఆమెకు నాలుగో సినిమా. మొదటి రెండింటికీ వాళ్ళమ్మ మొదటిరోజే వెళ్ళి, పేర్లు పడ్డంతసేపూ రెప్ప వేయకుండా చూసి, ఇంటికొచ్చి "నీ పేరు ఎప్పుడు పడిందే, నేను చూడలేదు" అని అడిగింది. మూడోసారి చూసొచ్చాక అడగడం కూడా మానేసింది. చుట్టాల్లో మాత్రం, బుల్లి చేస్తున్నది నిజంగా ఉద్యోగమేనా అన్న చర్చ నడుస్తోంది.

"ఈసారి వాళ్ళకి బాగా నచ్చితే అడుగుతానత్తా. ముందు ఇరవై మందిని పిలిచి చూపిస్తారు. అక్కడ తేలిపోయిందా, నల్ల తెర మీద తెల్లక్షరాలు వేయించేస్తానన్నాడు నిర్మాత. అది అరపూట పని. నేనక్కర్లేదు."

ఇత్తడమ్మ ఇత్తడి రేకు తీసి కొలత గీసింది.

ప్లేట్లు పన్నెండు రోజుల్లో తయారయ్యాయి. హీరో తరఫు మనిషి ఒకడు వచ్చి, హీరో ప్లేటు హీరోయిన్ ప్లేటు కంటే చిన్నదేమోనని టేపు పెట్టి కొలుచుకుని వెళ్ళాడు. షూటింగ్ రోజు ఇత్తడమ్మ తన స్క్రూడ్రైవరుతో తనే భవనానికి వెళ్ళింది. బుల్లి గీసిచ్చిన వరసలో ఇరవై నాలుగు ప్లేట్లూ బిగించాక మూడో అంతస్తులో చివరి తలుపు ఒకటి బోడిగా మిగిలింది. తలుపులు ఇరవై ఐదు, పేర్లు ఇరవై నాలుగు.

అక్కడ ఆమె చేసిన పని, ఆమె వ్యాపారంలో ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. వరసలో నాలుగు తలుపులకు పేర్లుండి ఐదోది బోడిగా ఉంటే, అది పని సగంలో వదిలేసినట్టు ఆమె కంటికి ఆనింది. అడుగు సొరుగులోంచి ముందే తెచ్చుకున్న ఒక పాత ప్లేటును సంచీలోంచి తీసి, మీసాలు తిప్పినట్టు నాలుగు మరలు తిప్పి, తృప్తిగా దిగి వచ్చేసింది. పదకొండేళ్ళ కిందట ఎవరో చేయించుకుని తీసుకెళ్ళని పేరు అది. పేరు మాత్రమే ఉంది. కింద పని లేదు.

షాట్ చూసుకున్నప్పుడు బుల్లి దాన్ని గమనించింది. ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళలో ఎవరిదో పాత ప్లేటు అనుకుంది. ఒకే షాట్ గనుక కత్తిరించే వీల్లేదు. కంప్యూటర్లో ఆ మూల కొంచెం చీకటి చేసి, ఇక ఎవరికీ కనబడదులే అనుకుంది.

ఇరవై మందికీ సినిమా చూపించింది ఒక చిన్న హాల్లో, పొద్దున పదింటికి. ఇత్తడమ్మ వెనక వరసలో కూర్చుంది. తెర వైపు కాదు, తలల వైపు చూసింది. ఆమెకు తెలిసిన విద్య అదే. మొదటి అంతస్తులో తలలన్నీ కుర్చీలకు ఆనుకుని ఉన్నాయి. రెండో అంతస్తులో ఎవరో ఫోను చూసుకున్నారు. మూడో అంతస్తు చివరికి వచ్చేసరికి, ఎవరో వెనకనుంచి తోసినట్టు పదిహేను తలలు ముందుకు వంగాయి. మూలన మసకగా ఉన్న ఆ ప్లేటును అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతున్నాయి. కెమెరా ముందుకు వెళ్ళిపోయాక కూడా ఆ తలలు వెనక్కి ఆనుకోలేదు.

సినిమా అయ్యాక అందరికీ కాగితాలిచ్చి మీకేమనిపించిందో రాయమన్నారు. పదిహేను మంది రాసింది ఒకటే: మూడో అంతస్తులో ఉండేది ఎవరు?

నిర్మాత టైర్ల వ్యాపారం నుంచి వచ్చినవాడు. కాగితాలు చేత్తో పట్టుకుని బుల్లి దగ్గరికి వచ్చాడు.

"ఎవరమ్మా ఈయన? ఏ శాఖ? నేనెప్పుడూ ఈయన్ని చూళ్ళేదే."

బుల్లి నోరు తెరిచేలోపు వెనక వరసలోంచి జవాబు వచ్చింది. "మా సొరుగులో ఉంటాడు. నేనే బిగించాను."

జరిగింది ఇత్తడమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. నిర్మాత తల పట్టుకున్నాడు. "రేపు ఆ పెద్దమనిషి వచ్చి, నా పేరు దెయ్యం కొంపకి ఎందుకు తగిలించారని అడిగితే? తీసేయండి. ఇంకో మాట లేదు."

తీసేశారు. కంప్యూటర్లోనే ప్లేటు చెరిపి బోడి తలుపు చేసి, ఇంకో ఇరవై మందిని పిలిచి చూపించారు. ఈసారి ఒక్క తలా వంగలేదు. పేర్ల గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. రాసినవాళ్ళు ఒకరిద్దరు, సినిమా ఆలస్యంగా మొదలైందని రాశారు. నిర్మాత కూర్పరి చెవిలో నల్ల తెర, తెల్లక్షరాలు అని ఏదో అనడం బుల్లి చూసింది.

ఇత్తడమ్మకు మాత్రం ఆ ఒక్క పేరుకే తలలు ఎందుకు వంగాయో తేల్చుకోకుండా ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. మొదటిసారి చూసినవాళ్ళలో ఒకామె ఆ పక్క వీధిలోనే మందుల షాపులో పనిచేస్తుందని తెలుసుకుని, జలుబు మాత్రలు కొనే నెపంతో వెళ్ళింది.

"ఆ పేరు చూసి ఎందుకు భయమేసిందమ్మా? మామూలు పేరే కదా."

ఆమె మాత్రలు కత్తిరిస్తూ ఆలోచించింది. "పేరుకి కాదండీ. మిగతావాళ్ళంతా ఏదో ఒక పని చేశారు. ఈయన బట్టలు కుట్టాడు, ఈయన పాటలు చేశాడు అని రాసుంది. ఆయనకేమీ రాయలేదు. మరి ఆయన ఎందుకున్నట్టు? సినిమా అంతా ఆయన వస్తాడేమోనని చూశాను. రాలేదు. ఇంటికెళ్ళాక మా తలుపు మీద మా ఆయన పేరు చూసి ఒక్క క్షణం ఆగాను."

ఇత్తడమ్మ మాత్రలు తీసుకుని ఎండలో నడుచుకుంటూ వచ్చింది. ఇప్పుడు లెక్క కుదిరింది. చూసేవాడు ఒక్కో పేరూ చదివి, కింద పని చదివి, సరే అని దాన్ని వదిలేస్తున్నాడు. పని రాయని పేరును వదలడానికి వీల్లేదు. అది ఒక్కటే చేతిలో మిగిలిపోతోంది. ఎంత శుభ్రంగా ఉంటే అంత భయం అని బుల్లి అన్న మాట కూడా అప్పుడే ఆమెకు బోధపడింది. రక్తం కారే అక్షరం ఇది ఆటేనని చెప్పేస్తుంది. మరలు సరిగ్గా బిగించిన ప్లేటు ఏమీ చెప్పదు.

మర్నాడు నిర్మాత ఆఫీసులో దర్శకుడు, బుల్లి, నిర్మాత బావమరిది కూర్చుని ఉండగా ఇత్తడమ్మ ఈ సంగతంతా చెప్పింది. ఎక్కువ మాట్లాడని దర్శకుడు లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు.

"పెద్దమ్మగారన్నదే నిజం," అన్నాడు. "ఆ ప్లేటు కావాలి."

"ప్లేటు సరే, పేరెవరిది?" అన్నాడు నిర్మాత. "లాయరు ఏమన్నాడో తెలుసా? కల్పించిన పేరైనా, ఆ పేరున్నవాడు ఎక్కడో ఒకడు ఉంటాడట. బతికున్న మనిషి, తన పేరు వాడుకోమని సంతకం పెట్టాలట."

మూడు రోజులు మనిషి కోసం వెతికారు. మేకప్ మనిషిని అడిగితే, "నేనేమీ పని చేయనని మా అత్తగారికి ఇప్పటికే అనుమానం, ఇక రాసి కూడా ఇవ్వాలా" అన్నాడు. లైట్ల మనిషి ముందు ఒప్పుకుని, ఇంట్లో అడిగొచ్చి వద్దన్నాడు. నిర్మాత బావమరిదికి తెర మీద పేరు చూసుకోవాలని ఎప్పట్నుంచో ఆశ.

"నాది వేయండి బావా. కింద సహ నిర్మాత అని చిన్నగా వేస్తే చాలు."

"కింద ఏమీ ఉండకూడదురా. దానికోసమే కదా ఈ గొడవంతా."

"మరీ చిన్నగా వేయండి."

"అసలు ఉండకూడదు."

"అయితే ఆ పేరు నాదని ఎవరికి తెలుస్తుంది?" అని బావమరిది తప్పుకున్నాడు. అందరిదీ అదే బేరం. పేరిస్తారు, కింద ఏదో ఒక పని రాయాలి.

నాలుగో రోజు ఇత్తడమ్మ మళ్ళీ ఆ ఆఫీసుకు వెళ్ళింది. బుల్లిని బయట కూర్చోబెట్టి తను లోపలికి వెళ్ళింది. లోపల నిర్మాత, దర్శకుడు ఉన్నారు.

"నా పేరు వాడుకోండి బాబూ. సంతకం ఇక్కడే పెడతాను."

నిర్మాత టైర్లు అమ్మినవాడు. ఉత్తినే వచ్చే సరుకు ఉండదని తెలుసు. "మీకేం కావాలమ్మా?"

"బుల్లికి ఒక ప్లేటు. పేరు, కింద చేసిన పని. అందరికీ ఉన్నంతసేపే."

"తలుపులు ఇరవై ఐదే కదమ్మా. అందరి ఒప్పందాల్లోనూ వరస రాసేసుకున్నాం. హీరోయిన్ ముందు ఎవరూ ఉండకూడదు, దర్శకుడి తర్వాత ఎవరూ ఉండకూడదు. ఎక్కడ పెట్టమంటారు?"

"మూడో అంతస్తు దాటి మెట్లు మలుపు తిరిగేచోట కరెంటు మీటరు డబ్బా ఉంది. కెమెరా అక్కడ తిరగడానికి నాలుగు సెకన్లు తీసుకుంటోంది, నేను లెక్కపెట్టాను. ఆ నాలుగు సెకన్లూ తెర మీద ఎవరూ లేరు, ఏమీ లేదు. మీరు కొట్లో అర ఖాళీగా ఉంచుతారా?"

నిర్మాత నవ్వు ఆపుకున్నాడు. "మీటరు డబ్బా మీద నేమ్‌ప్లేటా?"

"ప్లేటు మార్చాలంటే ఎలాగూ షాట్ మళ్ళీ తీయాలి. ఇంకో నాలుగు మరల పని."

"నాలుగు సెకన్లు ఎందుకమ్మా, రెండు సరిపోవూ?"

"అందరికీ మూడు ఇస్తున్నారు. ఆ పిల్లకీ మూడే. మిగిలిన ఒక్క సెకనూ మీరుంచుకోండి."

నిర్మాత దర్శకుడి వైపు చూశాడు. దర్శకుడు అప్పటికే కాగితం, కలం ఆమె ముందుకు జరిపాడు. ఇత్తడమ్మ సంతకం పెట్టకుండా, ముందు మీటరు డబ్బా సంగతి అందులో రాయించింది. ఆ తర్వాతే పెట్టింది.

బయట విషయం విని బుల్లి సంతోషించకపోగా గొడవ పెట్టుకుంది.

"నీ పేరు దెయ్యం పేరయిపోతుందత్తా. ఊరంతా దాన్ని తలుచుకుని జడుసుకుంటారు."

"ఆ పేరు నాదని ఊళ్ళో ఎవరికి తెలుసే? నన్ను ఇత్తడమ్మ అంటారు."

"నాకు తెలుసుగా. నీ పేరు కింద ఏమీ లేకుండా చూడ్డం నాకు కష్టంగా ఉండదూ?"

ఇత్తడమ్మ ఎదురుగా ఉన్న తలుపు మీది ప్లేటును అలవాటుగా చూసింది. ఎవరో వేరే షాపువాళ్ళు చేసింది, మధ్య అక్షరం ఒక వెంట్రుకవాసి పైకి పోయింది.

"అన్ని ప్లేట్లూ నేనే చెక్కాను కదే. నా పని ఇరవై ఐదు తలుపుల మీద ఉంది. ఇక కింద రాసుకోవడమెందుకు. పద, నీది చెక్కాలి."

తన ప్లేటును తనే చెక్కుకోవడం ఆమెకు ముప్పై ఏళ్ళలో అదే మొదటిసారి. అక్షరాలు వరసగా పేర్చి, యంత్రం చేయి పట్టుకుని, మొదటి అక్షరం గాడిలో పెట్టేముందు కాస్త ఆగింది. ఆ పేరు చెక్కడానికి చేతికి అలవాటు లేదు. ఒక్కో అక్షరం ఎవరో కొత్తగా వచ్చినవాళ్ళ పేరులా వచ్చింది. పాత ప్లేటును తుడిచి, గుడ్డలో చుట్టి, మళ్ళీ అడుగు సొరుగులో పెట్టింది. షాట్ రెండోసారి తీసినరోజు మూడో అంతస్తుకు తనే ఎక్కి తన ప్లేటు బిగించింది. ఎడమ పక్క రెండు మరలూ మాత్రం అర చుట్టు వదులుగా ఉంచింది. ప్లేటు ఒక వెంట్రుకంత వాలింది. ఎవరి ప్లేటుకైనా అలా చేసి ఉంటే ఆమెకు అన్నం సహించేది కాదు. ఇది తనది గనుక చేయొచ్చనిపించింది.

సినిమా విడుదలైన రోజు మధ్యాహ్నం ఆటకు బుల్లి రానంది. ఇంట్లోనే ఉండిపోయింది. ఇత్తడమ్మ, ఆమె మరదలు, అంటే బుల్లి వాళ్ళమ్మ, ఇద్దరూ వెళ్ళి మధ్య వరసలో కూర్చున్నారు. హాలు ముప్పాతిక నిండింది. మరదలికి మీటరు డబ్బా సంగతి ఎవరూ చెప్పలేదు.

"నేను పేర్లు చూడను వదినా," అంది మరదలు, లైట్లు ఆరిపోతుండగా. "అయ్యాక చెప్పు, అప్పుడు కళ్ళు తెరుస్తాను."

"నీ ఇష్టం. మూడో అంతస్తు దగ్గర ఒక దెయ్యం ఉంటుందట. అది చూడకపోతే కథ అర్థం కాదు."

"దెయ్యమా?" అంది మరదలు, కళ్ళు తెరిచే ఉంచి.

మొదటి అంతస్తు. ఎవరో చిరుతిండి సంచీలో చేయిపెట్టి గలగలమనిపిస్తున్నారు. రెండో అంతస్తు. ఇత్తడమ్మ ఒళ్ళో వేళ్ళు ముడుస్తూ సెకన్లు లెక్కపెడుతోంది. మూడో అంతస్తులో మొదటి తలుపు, రెండు, మూడు, నాలుగు. చివరి తలుపు దగ్గర మసక. ఆ మసకలో కొంచెం వాలిన ప్లేటు, దాని మీద ఆమె పేరు, కింద ఏమీ లేదు. తలలు ముందుకు వంగాయి. సంచీ గలగల ఆగిపోయింది. మరదలు ఇత్తడమ్మ చేయి పట్టుకుంది. ఆ పేరు తన వదినదని ఆమెకు ఆ క్షణాన తట్టనే లేదు. ఇరవై ఏడేళ్ళుగా వదిన అని పిలిచిన మనిషి.

కెమెరా తలుపును వదిలి మెట్ల మలుపు తిరిగింది. హాల్లో ఒక్క కన్నూ పక్కకు తిరగలేదు. ఆ ప్లేటు తర్వాత ఏమొస్తుందోనని అన్నీ ఎదురుచూస్తున్నాయి. ఇత్తడమ్మ ఆ మీటరు డబ్బానే ఎందుకు అడిగిందో ఆ ఆఫీసులో ఎవరూ అడగలేదు. నాలుగో అంతస్తు మలుపులో కూడా ఒక డబ్బా ఉంది, అక్కడా నాలుగు సెకన్లున్నాయి. ముప్పై ఏళ్ళు వీధిలో షాపు నడిపిన మనిషికి, జనం ఆగే చోటుకు ఆనుకుని ఉన్న కొట్టు విలువేమిటో ఒకరు చెప్పనక్కర్లేదు.

డబ్బా మీద వెలుతురు పడింది. చిన్న ఇత్తడి ప్లేటు, తిన్నగా, నాలుగు మరలూ బిగిసి ఉన్నాయి. బుల్లి పూర్తి పేరు. కింద: టైటిల్స్.

వెనక వరసలో ఎవరో ఆ పేరును పైకి చదివారు, మెల్లగా, అక్షరం అక్షరం.

ఒకటి, రెండు, మూడు.

కెమెరా నాలుగో అంతస్తు ఎక్కింది. మరదలు ఇంకా చేయి వదల్లేదు. తెర వైపే చూస్తూ, "వదినా," అంది. "ఇప్పుడు పడింది మనమ్మాయి పేరేనా, లేక నాకు భయంతో అలా కనబడిందా?"

"ఎవరో చదివారుగా," అంది ఇత్తడమ్మ.

"నువ్వు చదివావా?"

"నేను చెక్కాను."

మరదలు ఇంకేదో అడగబోయి, మూడో అంతస్తు పేరు గుర్తొచ్చినట్టు తెర మీంచి కళ్ళు తిప్పి వదిన ముఖంలోకి చూసింది. అప్పటికి డాబా తలుపు వచ్చేసింది.